జర్మనీ ఆవిడకి పంపిన పూతరేకులు

నా జన్మలో నాకు ఇద్దరు ముగ్గురి మీద కడుపుమంట ఉండేది. మా తోడికోడలి జడ మీద ఒకటి, ఎదురింటి వదిన గారి నూతిలో వేసవిలోనూ ఎండని తియ్యటి నీళ్ళ మీద ఒకటి. అవి కళ్ళెదుట ఉండేవి కాబట్టి చూసీ చూసీ అలవాటైపోయాయి. అయితే నేను ఎన్నడూ చూడని, గొంతైనా వినని ఒక మనిషి మీద ఒక వేసవంతా కుళ్ళిపోయాను. ఆవిడ జర్మనీలో ఉండేది. నేను కొత్తపేట పక్కన మా ఇంట్లో, రేకుల కుండ ముందు.

నాది ఆత్రేయపురం. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చీరలు చిరిగిపోయాయి, బిందెలు సొట్టలు పడ్డాయి, చెడకుండా మిగిలింది రేకులు తీసే చెయ్యి ఒక్కటే. చూడనివాళ్ళకు చెబుతాను. గుండ్రటి బానలాంటి కుండను పొయ్యి మీద బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెడతాం. బియ్యం నానబెట్టి పాలలాగా పల్చగా రుబ్బుకుంటాం. ఆ పాలలో పల్చటి గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపులో పరిచి లాగేస్తే, రెప్ప వేసేలోపు పొరలాంటి రేకు లేస్తుంది. దాన్ని అటుపక్కనుంచి చూస్తే ఇటు మనిషి కనపడాలి. ఆ రేకుల్లో నెయ్యి, పంచదార పొడి వేసి మడిస్తే పూతరేకులు. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం చెయ్యి తిరగాలి.

ఆ చెయ్యి మా అమ్మ నాకు ఇచ్చింది. నేను ఎవరికివ్వాలి? నాకున్నది ఒక్కతే కూతురు. అది అమలాపురంలో ఇంజనీరింగు చదువుతోంది. చిన్నప్పుడు చిరిగిన రేకు ముక్కలు తినడానికి కుండ దగ్గరికి పిల్లిలా వచ్చి కూర్చునేది గాని, పెద్దయ్యాక ఆ ఛాయలకే రావడం మానేసింది. ఇంకొక్క ఏడాది చదువుంది. తరవాత ఉద్యోగమో, పెళ్ళో, ఏదైనా నా ఇంట్లో ఇంక వేసవి సెలవులంటూ ఉండవు. ఈ వేసవి దాటితే నా చెయ్యి నాతోనే పోతుందని నాకు గట్టిగా అనిపించింది. అందుకని మాఘమాసంలోనే కొత్త కుండ కొని, నూనె రాసి, మంట చూపించి, పదును చేసి ఉంచాను. పిల్ల పరీక్షలైపోయి ఇంటికొచ్చిన రోజున కుండ చూపించాను.

"ఈ సెలవులు నావేనే. కూర్చోబెట్టి నేర్పుతాను."

"అమ్మా, నాకు పని వచ్చిందే," అంది. మొహం వెలిగిపోతోంది.

ఆ పనేమిటో నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఆఫీసుల్లో ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలు వేసుకోవడానికి కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుందట. మామూలుగా అయితే దాన్ని కొనుక్కోవాలి. ఇది మాత్రం కొననక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, దాని లోపల ఎలా కట్టారో ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎక్కడైనా చెడితే ఎవరైనా బాగుచెయ్యొచ్చు. దేశదేశాలవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని చేస్తారు. చదువుకునే పిల్లల్ని కొందరిని ఎంచుకుని, వేసవి మూడు నెలలూ ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పజెప్పి, నేర్పడానికి ఒక పెద్దమనిషిని జతచేస్తారు. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. మా పిల్లకు జతపడిన మనిషే జర్మనీ ఆవిడ.

ఎదురింటి వదిన గారు ఆ సాయంత్రమే వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"ఏవండీ వదినా, మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందంట?"

"ఉద్యోగం కాదండి. నేర్చుకోవడం అంటండి."

"మరి చేసిందంతా అమ్ముతారాండీ?"

"ఊరికే ఇచ్చేస్తారంటండి."

"అదేవిటండీ! ఊరికే ఇచ్చేదానికి అంత చదువెందుకండి?"

లోపల్నుంచి మా పిల్ల అరిచింది: "అత్తా, మన కాలవ గట్టు తెగితే అందరూ పార పట్టుకుని వెళ్ళరా? గట్టు ఎవరైనా అమ్ముతారా ఏంటి?"

"ఆయ్, అలాగైతే సరేనమ్మా," అన్నారు వదిన గారు. వెళ్తూ వెళ్తూ నా చెవిలో, "గట్టు పనికి వెళ్ళినోళ్ళకి మజ్జిగన్నా పోస్తారండి," అని వెళ్ళారు.

మా పిల్లకు అప్పజెప్పిన గట్టు ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాస్తే వరుస చివర అక్షరం విరిగిపోయేదట. అక్షరం పై వరుసలో ఉండిపోయి, దాని ఒత్తు కింది వరుసలోకి జారిపడేది. కాగితం మీద వేసి నాకు చూపించింది. ఇల్లు పైన, అరుగు కింద అన్నట్టుంది. ఆ విరిగేదాన్ని విరగకుండా చెయ్యాలి. వేసవి అయ్యేలోగా అది అసలు సాఫ్ట్‌వేర్‌లో కలవాలి. కలిస్తే నెగ్గినట్టు, కలవకపోతే ఇంటర్న్‌షిప్ తప్పినట్టు. కలవాలంటే ఆ జర్మనీ ఆవిడ సరేననాలి.

ఆవిడ అక్కడ పొద్దున్న పనికి కూర్చునేసరికి మనకు భోజనాల వేళ దాటుతుంది. నాకు వంటిల్లు సర్దుకుని కుండ ముందు కూర్చునే వేళ అదే. నేను ఇక్కడ మంట రాజేసేసరికి, అక్కడ గదిలో పిల్ల కంప్యూటర్ తెరిచేది. రాసింది పంపేది. ఆవిడ చూసి, తప్పులు చెప్పి తిప్పి పంపేది. పిల్ల మళ్ళీ దిద్ది పంపేది. మళ్ళీ తిప్పి పంపేది.

ఒక రోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్ళాను. పిల్ల తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏవైందే? కలిసిందా?"

"లేదమ్మా. మళ్ళీ తిప్పి పంపింది."

"తిప్పి పంపితే నవ్వుతావేవిటే?"

"ఎంత బాగా చెప్పిందో చూడు," అని తెర చూపించింది. ఇంగ్లీషు. నాకేం తెలుస్తుంది? "చదివి చెప్పు," అన్నాను.

"మొదట, నువ్వు పంపినందుకు సంతోషం అంది. ఫలానా చోట చాలా బాగా చేసేవు అంది. ఆ తరవాత, ఇక్కడ ఇంకో దారి ఉందేమో ఆలోచిస్తావా అంది."

"అంటే తప్పు చేసేవనేగా?"

"తప్పేనే. మొత్తం తప్పే. మళ్ళీ మొదటికి."

ఇంత సంతోషంగా చెప్పింది ఆ మాట. మజ్జిగ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను. కుండ ముందు కూర్చుంటే మంట కుండకి కాదు, నాకు తగులుతున్నట్టుంది. ఈ పిల్ల, నేను "అలా కాదే" అని ఒక్క మాట అంటే మూతి ముడుచుకుని పూటంతా మాట్లాడని పిల్ల! పప్పులో ఉప్పెక్కువైందే అంటే కంచం ముందునుంచి లేచిపోయే పిల్ల! ఎవరో ఊరూ పేరూ ఎరగని మనిషి మొత్తం తప్పంటే, బెల్లం ముక్క పెట్టినట్టు చప్పరిస్తోంది. ఆ రోజు నేను తీసిన రేకులన్నీ చిరిగాయి. నా చెయ్యి తిరిగాక అన్ని రేకులు చిరగడం అదే మొదలు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కంచంలోకి చూసి, "ఏవిటిది, ఇవాళ కూర బదులు రేకు ముక్కలేనా?" అన్నారు. ఆయన కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. ఎండలో తిరిగొచ్చి, ఏది పెడితే అది తినే మనిషి.

"కావలిస్తే ఆ జర్మనీ ఆవిడని పెట్టమనండి," అన్నాను.

ఆయనకు దగ్గొచ్చింది. "ఆవిడతో నీకు గట్టు తగాదా ఏవన్నా ఉందా?"

పిల్ల ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నడివేసవిలో పిల్లకు జ్వరం తగిలింది. ఒళ్ళు వెచ్చబడిందని నేను చెయ్యి వేసి చూసింది సాయంత్రం. కషాయం కాచి పట్టుకెళ్ళి, "ఎప్పట్నుంచే?" అంటే, "మధ్యాహ్నం నుంచీనమ్మా. ఈ పూట చెయ్యక్కర్లేదు, పడుకోమంది ఆవిడ," అంది. అంటే నా కూతురికి జ్వరమని నాకంటే ముందు జర్మనీకి తెలిసింది! మధ్యలో ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు ఇవతల నేనున్నాను. సముద్రాలు దాటి అవతల ఆవిడ ఉంది. నీళ్ళున్న కళ్ళతో కషాయం ఊదుతుంటే, పిల్ల నా మొహం చూసి, "మిరియాల ఘాటామ్మా?" అంది. "ఆ, ఘాటే," అన్నాను.

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఆవిడకు మర్యాద చెయ్యాలని.

గోదావరి మర్యాద అంటే బయటివాళ్ళు ఏదో అనుకుంటారు. అసలు సంగతి మాకు తెలుసు. ప్రేమ ఉన్నవాళ్ళకు ఉన్నదేదో పెడతాం. గిట్టనివాళ్ళకే విస్తరి నిండా వడ్డిస్తాం. మా అత్తగారికి తన ఆడపడుచుంటే సరిపడేది కాదు. ఆవిడ వస్తోందని కబురు తెలిస్తే చాలు, మా అత్తగారు మినప్పప్పు నానబోసేవారు. గారెలు, పులిహోర, పనసపొట్టు కూర, పైన పాయసం. "ఇంకొక్కటి వేసుకో వదినా, నా మీద ఒట్టు," అని పెట్టి పెట్టి, ఆ మనిషి కొంగు బిగించుకుని లేవలేక లేవలేక లేచేదాకా వదిలేవారు కారు. వెళ్ళాక అరుగు మీద కాళ్ళు చాపుకుని, "ఇంక ఏడాది దాకా నోరెత్తదు," అనేవారు. పెట్టిన చెయ్యి పైన ఉంటుంది, తిన్న నోరు కింద ఉంటుంది. అదీ లెక్క.

నా చెయ్యి పైన ఉండాలంటే నా దగ్గరున్నది రేకులే. మంచి జయ రకం బియ్యం తెప్పించాను. వెన్న కాచిన నెయ్యి. పంచదార పొడిలో జీడిపప్పు, యాలకులు. చిరుగు ఉన్న రేకు ఒక్కటి కూడా వెయ్యలేదు. నా పెళ్ళిచూపులకు మా అమ్మ తీసిన రేకులంత పల్చగా వచ్చాయి. మడిచి, రేకుల డబ్బాలో అడుగున అరిటాకు వేసి సర్దాను.

"ఎవరికే ఇవి?" అంది పిల్ల.

"మీ మేడంకి. ఊరికే నేర్పుతోంది కదా పాపం. చిరునామా అడుగు."

పిల్ల నన్ను అనుమానంగా చూసింది గాని, అడిగింది. మా ఆయన నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని కొరియర్ కొట్టుకు తీసుకెళ్ళారు. కొట్టతను డబ్బా తూచుతూ, "కువైట్టాండీ? దుబాయాండీ?" అన్నాడు. మా ఊళ్ళనుంచి పార్సిల్ అంటే ఇంకోచోటికి వెళ్ళదని అతని లెక్క.

"జర్మనీ అండి."

"ఆయ్. అక్కడ మన కొత్తపేట వాళ్ళెవరండీ?"

"మనవాళ్ళు కాదండి. అక్కడివాళ్ళే."

"మరి ఆళ్ళు మన రేకులు తింటారాండీ?"

"ఎందుకు తినరు?" అన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే లేచింది. అతను "మరేనండి, మరేనండి," అంటూ గబగబా దారం చుట్టేశాడు.

పార్సిల్ వెళ్ళింది. ఇక్కడ రోజులు వెళ్తున్నాయి. కరెంటు కోతలు మొదలయ్యాయి. పిల్ల పని మధ్యలో కంప్యూటర్ ఆగిపోయేది. అది విసనకర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని వీధి స్తంభం వైపు చూసేది. వేసవి చివరికొచ్చింది. ఒక అక్షరం నిలబడితే ఇంకో అక్షరం జారుతోందట. పిల్ల మొహంలో నవ్వు తగ్గింది.

"ఇంక కలవదేమోనమ్మా," అంది ఒకసారి.

ఆవిడ మీద నా కుళ్ళు ఎంతున్నా, పిల్ల ఓడిపోవాలని నాకెప్పుడూ లేదు. "ఆవిడకి ఎలా చెయ్యాలో తెలుసు కదే? ఆవిడే ఆ ముక్క చేసి పెట్టెయ్యొచ్చుగా?" అన్నాను.

"చేసెయ్యగలదు. ఆవిడకి ఓ చిటికెలో పని. కానీ చెయ్యదు."

"ఎందుకని? అంత బెట్టా?"

"బెట్టు కాదు. ఆవిడ చేసేస్తే నాకు రాదు కదమ్మా. నా చేతిలోది లాక్కోదు," అంది. అని, విసనకర్ర వైపు చూస్తూ అంది: "నువ్వు లాగేసుకుంటావు. కుండ దగ్గర నేనెప్పుడు గుడ్డ పట్టుకున్నా, ఒక్క రేకు తియ్యనిచ్చి, అది చిరగ్గానే 'ఇలా తే' అని లాగేసుకునేదానివి. మళ్ళీ నా చేతికి వచ్చేది కాదు."

మంట ఆరిపోతుందని వంటింట్లోకి వచ్చేశాను. అక్కడ మంట లేదు. అసలు రాజెయ్యనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం గదిలోంచి పిల్ల కేక వేసింది. "అమ్మా! పార్సిల్ చేరిందంట!"

కొంగు సర్దుకుని వెళ్ళాను. ఇప్పుడు నా చెయ్యి పైన ఉందన్నమాట. తీరుబడిగా మంచం మీద కూర్చుని, "ఏమంది?" అన్నాను. పిల్ల చదివింది. చదువుతూ చదువుతూ దాని గొంతు వింతగా మారింది.

"మీ అమ్మగారికి చాలా థ్యాంక్స్ అంది. అంత శ్రద్ధగా చుట్టిన బహుమతి తనకెవరూ ఎప్పుడూ పంపలేదంట. పొడి చాలా బాగుందంట."

"పొడా?"

"రొట్టె మీద చల్లుకుని తింటోందంట."

"ఏ పొడే? నేను పొడి ఎక్కడ పంపేను?"

పిల్ల పెదవి కొరుక్కుంటోంది. "ఒక్కొక్క పొట్లం విప్పడానికి చాలాసేపు పట్టిందంట. అంత పల్చటి కాగితం తనెక్కడా చూడలేదంట. పారెయ్యబుద్ధి కాక, చిరగని కాగితాలు తీసి పుస్తకాల్లో పెట్టుకుందంట."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీంచి దిగ్గున లేచాను. నా రేకులు! పెళ్ళిచూపుల రేకులు! విప్పి, దులిపి, లోపలి పంచదార తిని, రేకుల్ని కాగితాలనుకుని పుస్తకంలో పెట్టుకుంది మహాతల్లి!

పిల్ల కుర్చీలోనే ముందుకు వంగి నవ్వుతోంది. మా ఆయన పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, సంగతి విని, గుమ్మం పట్టుకుని నవ్వుతున్నారు. "పుస్తకంలో నెయ్యి మరకలు పడుంటాయే, పాపం," అంటారు. నాకు వేసవంతా లేని ఉత్సాహం వచ్చింది. ఇన్నాళ్ళకు ఆవిడ తప్పు చేసింది! దిద్దేది నేను!

"రాయి," అన్నాను. "చెప్పింది చెప్పినట్టు రాయి. ఓసి నీ తెలివి తెల్లారా, అది కాగితం కాదు, అదే తిండి అని రాయి."

"అలాగే రాయనా?"

"మరెలా రాస్తావు?"

పిల్ల టకటకా కొట్టింది. "మీకు నచ్చినందుకు అమ్మకు చాలా సంతోషం. విప్పడంలో మీ ఓపిక చాలా బాగుంది. ఈసారి ఆ కాగితాన్ని కూడా తిని చూస్తారా?" అని చదివి వినిపించింది.

"అంత మెత్తగానా?" అన్నాను. కాని మార్చమనలేదు.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ఆవిడ చాలా సిగ్గుపడింది. పుస్తకాల్లోంచి రేకులు తీసి తినేసిందట. కాస్త అచ్చు సిరా వాసన వచ్చినా బాగున్నాయంది. అని, ఒక ప్రశ్న వేసింది. అంత పల్చగా అది ఎలా తీస్తారు? కొంచెం వివరంగా రాస్తావా, నువ్వు చూసే ఉంటావు కదా?

పిల్ల తెర వైపు చూసి, నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను.

"ఎలా తీస్తారమ్మా?"

"చూసే ఉంటావు కదా," అన్నాను.

"చూసేను గాని... రాయడానికి రావటం లేదు. పిండి ఎంత పల్చగా ఉండాలి? గుడ్డ ఎటువైపు నుంచి లాగాలి? మంట ఎంత?"

"అది చెబితే రాదే. కూర్చుంటే వస్తుంది."

పిల్ల లేచింది. కొంగు లేదు కాబట్టి చున్నీ నడుముకు బిగించింది. "పద," అంది.

పొంగిపోవాలి కదా నేను? కుండ కొని, పదును చేసి, వేసవంతా కాచుకుని కూర్చున్నది దీనికోసమేగా? పొంగలేదు. ఇంకాస్త మండింది. అది పెద్దయిన దగ్గర్నుంచీ నేను అడుగుతుంటే కూర్చోని పిల్ల, ఆవిడ ఒక్క వాక్యం రాస్తే వచ్చి కూర్చుంది. ఆ కుండ దగ్గరికి నా కూతుర్ని పంపింది కూడా ఆవిడే అయ్యింది.

అయినా మంట రాజేశాను.

మొదటి రేకు లేవలేదు. గుడ్డతోపాటు ముద్దగా వచ్చేసింది. రెండోది సగం లేచి చిరిగింది. నా కుడిచెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. "ఇలా తే" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు గుమ్మంలో విసనకర్ర పట్టుకుని పిల్ల అన్న మాట గుర్తొచ్చింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, గట్టిగా బిగించి, వాటి మీద వంగి కూర్చున్నాను. చలికాలంలో ముసలమ్మలా. పిల్ల ఇంకో రేకు చించింది. ఇంకోటి చించింది. వేలు చురుక్కుమని కుండకు తగిలి "అబ్బా" అని నోట్లో పెట్టుకుంది. నేను కొంగు విప్పలేదు. వంటింట్లో చిరిగిన రేకులు కుప్ప పడ్డాయి.

"ఏదో ఒకటి అనమ్మా," అంది చివరికి. "నువ్వు తిట్టకపోతే భయమేస్తోంది."

"అంచు బాగుంది," అన్నాను. నిజంగానే అంచు బాగుంది. "చెయ్యి భయంగా లాగుతున్నావు. గుడ్డకి తెలిసిపోతుంది."

ఆ తరవాత ఎప్పుడో, మంటకు కొబ్బరాకు అయిపోవస్తోందనగా, ఒక రేకు లేచింది. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. అవతల దాని మొహం కనపడింది నాకు. అప్పుడు దగ్గరకు జరిగి ఒక సంగతి చెప్పాను. పాలలో గుడ్డ ముంచే ముందు చేసే ఒక చిన్న పని. మా అమ్మ నాకు పెళ్ళైన ఏడాది, పుట్టింటికి వచ్చినప్పుడు చెప్పింది. అది చేస్తే రేకు మళ్ళీ చిరగదు.

"ఇది ఆవిడకి రాయకు," అన్నాను.

"అక్కడ ఏదీ దాచుకోరమ్మా. అన్నీ అందరికీ..."

"మిగతావన్నీ రాసుకో. బియ్యం, కుండ, మంట, అన్నీ ఇచ్చెయ్యి. ఇది మటుకు నాకూ నీకూ."

పిల్ల నేను చెప్పినట్టు చేసి, గుడ్డ మళ్ళీ పాలలో ముంచింది. "సరే," అంది.

వేసవి అయిపోయే ముందు పిల్ల పని కలిసింది. ఆవిడ సరేనంది. పిల్ల నన్ను కూర్చోబెట్టి, తెర మీద తెలుగు పేజీ ఒకటి తెరిచి చూపించింది. ఇంగ్లీషు నాకు రాదు గాని తెలుగు వచ్చు. వరుసల చివర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఎక్కడా ఒత్తు జారలేదు.

"నీ పేరు ఎక్కడుందే?"

చూపించింది. చిన్న అక్షరాల్లో, ఎక్కడో లోపల.

"దాని కింద ఆ పేరెవరిది?"

"ఆవిడది. చూసి సరేనన్నవాళ్ళ పేరు కూడా రాస్తారు."

మళ్ళీ చురుక్కుమంది. నా కూతురి పేరు కింద, నేను చచ్చినా చెరగనట్టు, ఆవిడ పేరు. "అలాగా," అన్నాను. లేచి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను.

పిల్ల తిరిగి కాలేజీకి వెళ్ళాల్సిన వారంలో, ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. ఇనప మూకుడు ఒకటి బోర్లించి, పిల్ల రాసి పంపినట్టల్లా చేసి, ఆవిడ సొంతంగా రేకులు తీసిందట. ఫొటోలో మూకుడు ఉంది, దాని పక్కన పళ్ళెంలో రేకులున్నాయి. రేకులంటే రేకులా అవి? కోళ్ళు కెలికినట్టున్నాయి. ఎన్నిసార్లు చేసినా చిరుగుతున్నాయి, ఏం తప్పు చేస్తున్నానో మీ అమ్మగారిని అడిగి చెబుతావా అని రాసింది.

పిల్ల చేతులు అక్షరాల మీద పెట్టి, నా వైపు తిరిగింది. అడగలేదు. అడగకుండానే దాని కళ్ళు అడుగుతున్నాయి, చెప్పనా అని.

నేను మంచం మీద తీరుబడిగా సర్దుకుని కూర్చున్నాను. ఫొటో ఇంకోసారి చూశాను. ఆ పళ్ళెంలో ఒక మూల ఒక ముక్క మాత్రం కాస్త పల్చగా ఉంది.

"రాయి," అన్నాను. "మొదట, పంపినందుకు సంతోషం అని రాయి."

"ఊఁ."

"ఆ కుడిపక్క ముక్క అంచు చాలా బాగా వచ్చిందని రాయి."

"ఊఁ. ఆ తరవాత?"

"ఆ తరవాత, ఇంకో దారి ఉందేమో ఆలోచించి, మళ్ళీ తీసి పంపమను."